లోపల వదిలిన గుడ్డ

అమ్మ పోయిన నాలుగేళ్లకు కుట్టుమిషను మీది దుప్పటి తీశాను. అన్నాళ్లూ అది మా ముందుగదిలో బల్లలా ఉండిపోయింది. దాని మీద పాత పేపర్లు, నాన్న మందుల డబ్బా, కరెంటు బిల్లులు. దుప్పటి కింద నల్లటి ఉషా తొక్కుడు మిషను, నూనె జిగురుకట్టి, తోలు బెల్టు బిరుసెక్కి కనిపించింది. సొరుగు లాగాను. ఇంచీ టేపు, అరిగిపోయిన సుద్దబిళ్లలు, ఆరు బాబిన్లు, సీసా నిండా జతకలవని బొత్తాలు, అట్ట ఊడిన నోటుపుస్తకం. ఆ పుస్తకం నిండా మా ఇంటిల్లిపాది కొలతలు. ‘1974 సంక్రాంతి. పెద్దపిల్ల పరికిణీ పొడవు 24’ అని పెన్సిలుతో రాసి ఉంది. ఆ పెద్దపిల్లను నేనే. పక్క పేజీలో 25½. ఆ పై ఏడు 28. నేను ఏ ఏడాది ఎంత ఎదిగానో నాకు తెలియదు, అమ్మ పెన్సిలుకు తెలుసు.

పుస్తకం చదువుకోగలిగాను గానీ ఆ అంకెల్ని గుడ్డ మీదికి ఎక్కించడం నాకు చేతకాదు. యాభై ఎనిమిదో ఏట, ఉద్యోగం అయిపోయాక, అది నేర్చుకోవాలని కూర్చున్నాను.

ఖుర్సీపార్ నుంచి ఒక అక్క వారానికి రెండు మధ్యాహ్నాలు రిసాలీలో మా ఇంటికి వస్తుంది. భిలాయ్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వాడల్లో ఖుర్సీపార్ ఒకటి. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో మట్టి మోశాడట. తను ముప్పై ఏళ్లుగా మిషను తొక్కుతోంది. వయసులో నాకంటే చిన్నదే అయినా, పని నేర్పే మనిషి కనుక నాకు అక్కే. మొదటిరోజు సూదికి దారం ఎక్కించనివ్వలేదు. గీతల కాగితం ఇచ్చి, గీత వెంబడి ఉత్త సూదిని నడపమంది. పాదం లయ తప్పితే చక్రం వెనక్కి తిరుగుతుంది. కాగితం మీద పడిన చిల్లుల్ని దాచడం కుదరదు; ఎక్కడ తడబడ్డానో వరసగా కనిపిస్తుంది. రెండు వారాలు కాగితమే కుట్టాను.

అక్క మాటల్లో కుట్టుపని పేర్లు సగం హిందీ. లైనింగును అస్తర్ అంటుంది, అంచు మడిచి కుట్టే చేతికుట్టును తుర్పాయి అంటుంది. పవర్‌హౌస్ జవహర్ మార్కెట్లో ‘అస్తర్’ అని అడిగితేనే కొట్టువాడికి అర్థమవుతుంది కాబట్టి నాకూ అదే నోట్లో తిరుగుతోంది. అచ్చతెలుగు అనుకుని మేం ఇంట్లో వాడే బొత్తం, కాజా, ఇస్త్రీ మాత్రం ఎక్కడివి? పోర్చుగీసు ఓడల్లో వచ్చి మన తీరంలో దిగినవే. పనితో పాటు మాట కూడా ఊళ్లు మారుతుంది.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది మిషను కుట్టు వేసే తీరు. పై దారం సూదితో దిగుతుంది. కింద షటిల్ దాన్ని ఉచ్చులా పట్టుకుని బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది. రెండూ గుడ్డ మందంలో, పైకీ కిందికీ కనపడనిచోట, పెనవేసుకోవాలి. పైన బాబిన్ దారం చుక్కలుగా తేలితే టెన్షను బిగిసిందని, కింద పై దారం ఉచ్చులు వేలాడితే వదులైందని అర్థం. చేతిసూదికి కన్ను వెనక ఉంటుంది, మిషను సూదికి మొన దగ్గరే ఉంటుంది. ఇంత చిన్న తేడా లేకపోతే ఈ కుట్టే లేదు. అలాంటి సూదికీ షటిల్‌కూ కలిపి అమెరికాలో ఎలియాస్ హో 1846లో పేటెంటు తీసుకున్నాడు. దారం తెగినప్పుడల్లా నేను మిషను తల వెనక్కి వాల్చి, చక్రం చేత్తో మెల్లగా తిప్పుతూ ఆ ఉచ్చు ఎలా పడుతోందో చూస్తూ కూర్చుంటాను. అక్కకు అంత తీరిక ఉండదు. తను దీంతో బతకాలి, నేను దీంతో మధ్యాహ్నం గడుపుతున్నాను. ఆ తేడా మా ఇద్దరికీ తెలుసు. ఒక కుట్టు వంకర పోతే నేను మూడు రోజులు విప్పుకోగలను. తను మూడు రోజులు విప్పుతూ కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే తను నేర్పిన గంటకు జాకెట్టు కుట్టుకూలి ఎంతో అంత లెక్కగట్టి ఇస్తాను. సరదాగా నేర్చుకుంటున్నాం కదా అని చేతిపని తెలిసినవాళ్ల దగ్గర ఊరికే నేర్చుకోవడం తప్పని నాకు గట్టిగా అనిపిస్తుంది.

గలీబులయ్యాయి, చేతిసంచులయ్యాయి, లంగా అయింది. లంగాకు అంచు కుడుతున్నప్పుడు అక్క అడిగింది: “లోపల ఎంత వదిలేవమ్మా?” అరంగుళం అన్నాను. “పెద్దోళ్లకి సరే. పిల్లకైతే మడతలెయ్యాలి” అంది.

మడతలు! అమ్మ మా పరికిణీలకు కింద మూడేసి అడ్డమడతలు కుట్టేది. దసరాకు పరికిణీ కుడితే పై దసరాకు ఒక మడత విప్పేది, ఆ పై ఏడు ఇంకొకటి. విప్పినచోట గుడ్డ కొత్తగా మెరిసేది. ఎండకూ చాకిరేవుకూ వెలిసిన రంగు మధ్య అంగుళమున్నర పట్టీ మొదటి రోజు రంగులో ఉండేది. స్కూల్లో నాకు ఆ పట్టీ కనపడుతుందని సిగ్గేసేది. ఇంట్లో ఉన్నది ఒక్క జీతం, నలుగురు పిల్లలం, ఏడాదికోసారి దుర్గ్‌లో రైలెక్కి రాయగడ మీదుగా శ్రీకాకుళం పోయిరావాలి. ఒకే తానులోంచి మా అందరికీ బట్టలు కోసేది అమ్మ. ఇప్పుడు మిషను ముందు కూర్చుని చూస్తే ఆ మడతల్లో పొదుపు ఒక్కటే కనపడటం లేదు. వచ్చే ఏడాదికి ఈ పిల్ల ఎంత పొడవవుతుందో అమ్మ ముందే ఊహించి, ఆ పొడుగును ఇప్పుడే కొని, కొంగుముడిలో డబ్బులా దాచింది.

సుపేలా ఆదివారం బజారులో కొన్న రెడీమేడ్ గౌను ఒకటి తిరగేసి చూశాను. కుట్టు పక్కన పావంగుళం కూడా లేదు, ఓవర్‌లాక్ దారం గుడ్డను అంచుదాకా కొరికేసింది. తొడుక్కునే పిల్ల రెండంగుళాలు పెరిగితే ఆ గౌను పని అయిపోయినట్టే. ఇంట్లో కుట్టుకుంటే డబ్బు మిగులుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గుడ్డ, అస్తర్, దారం, జిప్పు కొనేసరికి రెడీమేడ్ ధరకు మించిపోతుంది. ఇంటికుట్టుకు నాకు తెలిసిన పెద్ద న్యాయం ఈ లోపలి గుడ్డే. ఒంటి కొలత మారుతుందని తెలిసినవాళ్లు కుట్టిన బట్టలో మాత్రమే అది ఉంటుంది.

ఇంత తెలిసీ నాన్న చొక్కా పాడుచేశాను.

పొందూరు నుంచి మా మేనత్త కొడుకు రెండున్నర మీటర్ల ఖద్దరు పంపించాడు. సన్నటి గుడ్డ. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. చిన్న చిన్న పళ్ల వరస ఉన్న ఆ దవడే వాళ్లకు దువ్వెన. అలా దువ్వి, ఏకి, చేత్తో వడికిన నూలు. అలాంటి గుడ్డను కోయాలంటే కత్తెర పట్టుకున్న చెయ్యి వణికింది. అమ్మ పుస్తకంలో నాన్న పేజీ తీసి, పాత చొక్కా ఒకటి పక్కన పరుచుకుని, అక్క రాని రోజున సొంతంగా కోసేశాను. కాలరు రెండుసార్లు విప్పి కుట్టాను. చేతులు ఎక్కించడానికి ఒక రోజంతా పట్టింది. నాన్న తొడుక్కుని గుడికి వెళ్లొచ్చారు, సెక్టార్ 5 బాలాజీ గుడికి. అందరికీ చూపించారట. మొదటి ఉతుకులో చేతులు మణికట్టు మీదికి ఎక్కాయి. చేనేత నూలుగుడ్డ మగ్గం మీద బిగదీసి ఉంటుంది. నీళ్లు తగలగానే పోగు తన అసలు పొడవుకు ముడుచుకుపోతుంది. కోసేముందు తడిపి ఆరేయాలని చిన్నపిల్లకు కూడా తెలుసు.

నాన్న చొక్కా తిరగేసి కుట్లు చూశారు. కోప్పడలేదు.

“తడిపేవా?”

“లేదు నాన్నా.”

“హాట్‌సా దగ్గర మేం కొలిచింది ఎప్పుడూ అసలు కొలత కాదే” అన్నారు.

నాన్న 1965లో రైల్ మిల్లులో చేరారు. ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు; పట్టాలు తీసే మిల్లు 1960లో మొదలైంది. ముప్పై ఆరేళ్లు నాన్న డ్యూటీకి వెళ్లొస్తే, ఆయన అక్కడ ఏం చేసేవారో నేను ఎన్నడూ సరిగా అడగలేదు. ఆ సాయంత్రం చొక్కా ఒళ్లో పెట్టుకుని చెప్పారు. మిల్లులోంచి పట్టా ఎర్రగా, మెత్తగా వస్తుంది. ఆ వేడి మీదే రంపంతో కోస్తారు; హాట్‌సా అంటే అదే. పదమూడు మీటర్ల పట్టా కావాలంటే పదమూడు మీటర్లకు కోయరు. చల్లారేసరికి దాదాపు జానెడు ముడుచుకుంటుంది కనుక ఆ జానెడు కలుపుకుని కోస్తారు. అంతటితో అయిపోదు. పట్టాకు తల లావు, పాదం పలచన. పలచన ముందు చల్లారుతుంది, లావు తర్వాత. రెండూ ఒక్కసారి ముడుచుకోకపోవడంతో పట్టా వంగిపోతుంది. అందుకని చల్లారబెట్టే ముందే రెండో పక్కకు వంచి పెడతారు, ఆరిన తర్వాత మిగిలిన వంకర రోలర్ల మధ్య తీస్తారు.

నేను వింటూ వింటూ లేచి, కిందటి వారం కుట్టిన జాకెట్టు తెచ్చాను. ఉతికిన తర్వాత దాని ముందుభాగం అంతా ముడతలు. అస్తర్ ఒక లెక్కన ముడుచుకుంది, పైగుడ్డ ముడుచుకోలేదు. నాన్న వేలితో ముడత నొక్కి చూసి, “తలా పాదమూ” అన్నారు. మిల్లులో ఆయనా, మిషను దగ్గర అమ్మా ఒక ఇంట్లోనే ఉండి ఒకే పని చేశారని నాకు అప్పుడు తట్టింది. ఇద్దరూ ఇప్పటి కొలత చూసి తర్వాతి కొలతకు కోశారు.

ఖద్దరు, ఉక్కు, కుట్టుమిషను ఒకచోట కలిసిన మాట ఇంకొకటుంది. యంత్రాలన్నిటికీ వ్యతిరేకి అని పేరుపడ్డ గాంధీగారు 1924లో రామచంద్రన్ అనే యువకుడితో మాట్లాడుతూ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య కుట్టుతో పడే అవస్థ చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని, దాని వెనక ప్రేమ ఉందని ఆయన నమ్మారు. ఆయనే జైల్లో కుట్టుపని నేర్చుకున్నవారు. అయితే ఆ మిషను తయారుచేయడానికి పెద్ద ఫ్యాక్టరీ కావాలి కదా అని రామచంద్రన్ వదల్లేదు. కావాలి, అలాంటి ఫ్యాక్టరీలు ప్రభుత్వం చేతిలో ఉండాలి, లాభం కోసం కాక జనం కోసం నడవాలి అన్నది గాంధీగారి జవాబు. ఇది నాన్నకు చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. సర్కారీ కార్ఖానాలో జీవితం గడిపిన మనిషి. తర్వాత, “అమ్మకి చెప్పాల్సింది” అన్నారు.

పొందూరు నుంచి మళ్లీ గుడ్డ తెప్పించాను. ఈసారి రాత్రంతా బాల్చీలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, మళ్లీ ఒకసారి తడిపి, చెమ్మ ఉండగానే పడుగు పేక సరిచూసి ఇస్త్రీ చేశాను. పాత కొలత తీసుకోకుండా నాన్నను నిలబెట్టి టేపు పట్టాను. అమ్మ పుస్తకంలో 1981 నాటి పేజీ: భుజం 18, ఛాతీ 40, చేతి పొడవు 24. ఇప్పుడు భుజం పదహారున్నర. ఛాతీ 36. టేపు రెండుసార్లు వేశాను. నాన్న గోడవైపు చూస్తూ, “ఎంత వచ్చింది?” అని అడిగారు. చెప్పాను. “రాసుకో” అన్నారు. అమ్మ అంకెల కింద, అదే పేజీలో, తేదీ వేసి రాశాను.

కోసేటప్పుడు పక్కకుట్ల దగ్గర అంగుళం అంగుళం లోపల వదిలాను. అక్క చూసి, “అయ్యకి ఎందుకమ్మా ఇంత?” అంది. ఆయన ఎనభై నాలుగేళ్ల మనిషి. చలికాలంలో లోపల స్వెట్టరు వేసుకుంటారని చెప్పాను.

కుట్టు అంతా అయింది. కాజాలు మిగిలాయి. బజారులో మిషను మీద ఐదు నిమిషాల్లో కుట్టిస్తారు, నేను చేత్తోనే కుడుతున్నాను, రోజుకు రెండు. అమ్మ సీసాలోంచి ఒకే రకం తెల్ల బొత్తాలు ఏడు కావాలి. నాన్న వార్తాపత్రిక పరిచి, సీసా గుమ్మరించి, కళ్లద్దాలు పైకి తోసుకుని ఏరుతున్నారు. ఇప్పటికి ఐదు దొరికాయి.