రెండు లైన్లు, ఒకే స్తంభం

ఇంట్లో రెండో ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించుకుంటున్నాం, రెండిటినీ ఒక రూటర్‌లో కలిపి బిగించమని ఎవరైనా పిలిస్తే నేను ముందు మేడెక్కుతాను. మా బెజవాడ వన్ టౌన్‌లో సంగతి తేలేది అక్కడే. బ్రాహ్మణ వీధి అయినా ఇస్లాంపేట అయినా, ఇళ్లకు ఫైబర్ వచ్చేది చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే. పాత కేబుల్ టీవీ తీగ, దాని పక్కన ఒక కంపెనీ ఫైబర్, ఆ పక్కన ఇంకో కంపెనీది, అన్నీ ఒకే స్తంభానికి చుట్టలు చుట్టలుగా వేలాడుతుంటాయి. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే కనెక్షన్ ఇవ్వగలిగిందంటే, నేల తవ్వకుండా స్తంభాల మీద తీగ లాగడం అందుకు పెద్ద కారణం.

చవగ్గా రావడం మంచిదే. కానీ సరుకు ఎత్తుగా వేసుకున్న లారీ రాత్రిపూట సందు మలుపులో తీగల్ని లాక్కుపోయిందంటే, రెండు కంపెనీలకు బిల్లు కడుతున్న ఇంట్లో రెండు లైన్లూ ఒకేసారి చచ్చిపోతాయి. లోపల ఎంత ఖరీదైన ఫైర్‌వాల్ ఉన్నా అప్పుడు చేసేదేమీ లేదు. అందుకే రెండో లైను వేరే కంపెనీదైతే చాలదంటాను, అది వేరే దారిన రావాలి. వీధిలోంచి ఒకటి వస్తే వెనక సందు స్తంభం నుంచి రెండోది రావాలి. ఇంద్రకీలాద్రి వాలు మీద, చిట్టినగర్ వైపు కొండ మీద కట్టుకున్న ఇళ్లకు ఆ వీలు దాదాపు ఉండదు. మెట్ల దారి ఒక్కటే, తీగలన్నీ ఆ వెంటే ఎక్కుతాయి. అలాంటిచోట 2023 నుంచి దొరుకుతున్న ఎయిర్‌ఫైబర్ లాంటి 5జీ కనెక్షన్ రెండోదిగా పెట్టుకోమంటాను, మేడ మీద సిగ్నల్ చూసుకున్నాకే.

ఇళ్లలో ఈ అవసరం బాగా పెరిగింది 2020 లాక్‌డౌన్‌తో. ఒక ఇంట్లో కోడలు బెంగళూరు కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తుంది, పిల్లాడికి ఆన్‌లైన్ క్లాసు, మామగారికి వస్త్రలత మార్కెట్లో బట్టల కొట్టు, జీఎస్టీ లెక్కలు రాత్రి ఇంట్లో. ఒక్క గంట నెట్ పోతే ముగ్గురి పనీ ఆగుతుంది.

నేను రూటర్‌గా వాడే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా పీఎఫ్‌సెన్స్. 2004లో మొదలైన ప్రాజెక్టు, ఉచితంగా దొరుకుతుంది. 2015లో దానిలోంచి విడిపోయిన ఓపీఎన్‌సెన్స్ కూడా ఈ పని చక్కగా చేస్తుంది. నాలుగు లాన్ పోర్టులున్న ఫ్యాన్ లేని చిన్న కంప్యూటర్ ఒకటి చాలు. దాన్ని అటక మీద పెట్టనివ్వను. మే నెల బెజవాడ ఎండకు రేకుల కిందా అటకల మీదా ఏ పెట్టె అయినా కాగిపోతుంది. ఇంకోటి, రెండు కంపెనీల మోడెములూ తరచుగా 192.168.1.1 అనే ఒకే అడ్రసుతో వస్తాయి. ఒకదాని అడ్రసు మార్చకపోతే ఏది ఎటు పంపాలో ఫైర్‌వాల్‌కి తెలియదు.

పెట్టిన వారంలోపే వచ్చే ప్రశ్న ఒకటుంది. "రెండొందలూ వందా కలిపితే మూడొందలు రావాలి కదయ్యా, ఫైలు దిగేటప్పుడు రెండొందలు దాటదేం?" ప్రకాశం బ్యారేజీ దగ్గర నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విడిపోతాయి. పూర్వం పడవలు తిరిగే రోజుల్లో కాలువలు ఎన్నున్నా ఒక పడవ ఒక కాలువలోనే వెళ్లేది. ఇదీ అంతేనండీ అని చెబుతాను. రూటర్ పంచేది కనెక్షన్లను, ఒక్కో కనెక్షన్ మొదలైన లైనులోనే చివరిదాకా నడుస్తుంది. స్పీడ్ టెస్టు ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరుస్తుంది గనక దాంట్లో ఒక్కోసారి మూడొందలు కనిపించవచ్చు. ఆఫీసు వీపీఎన్ మాత్రం ఒక్కటే కనెక్షన్, దానికి పంపకంతో లాభం లేదు.

వేగాన్ని బట్టి రెండుకు ఒకటి చొప్పున వాటాలు వేసి వదిలేయడం నాకు నచ్చదు. అలా చేసినచోట బ్యాంకు వెబ్‌సైటు మధ్యలో బయటికి తోసేస్తుంది. లాగిన్ ఒక లైను నుంచి, తర్వాతి పేజీ ఇంకో లైను నుంచి వెళితే ఐపీ అడ్రసు మారిందని దానికి అనుమానం. ఒక మనిషి కనెక్షన్లన్నీ కాసేపు ఒకే లైనుకు అంటిపెట్టుకునేలా చేసే సదుపాయం ఉంది గానీ, నేను ఇంట్లో మనుషుల్ని బట్టే పంచుతాను. కోడలి ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఎక్కువ నిలకడగా ఉండే లైను మీద, అది పడిపోతే రెండో దాని మీద. టీవీలు, ఫోన్లు, కెమెరాలు రెండో లైను మీద. మారేటప్పుడు వీడియో కాల్ కొన్ని క్షణాలు ఆగి మళ్లీ అందుకుంటుంది, వీపీఎన్ మళ్లీ కలుస్తుంది. ఆ మాత్రం ఆటంకం ఉంటుందని ముందే చెప్పి, అందరి ముందూ ఒక తీగ పీకి చూపిస్తాను.

లైను బతికి ఉందో లేదో ఫైర్‌వాల్ ఎవరినడిగి తెలుసుకోవాలన్నది చాలామంది పట్టించుకోరు. పక్కనున్న మోడెమునే అడిగితే, వీధిలో ఫైబర్ తెగినా అది ఉన్నానంటుంది. అందుకని ఒక లైనుకు 8.8.8.8, ఇంకో దానికి 1.1.1.1 అనే బయటి సర్వర్ల అడ్రసులు పెట్టి, ఊరి బయట నుంచి జవాబు వస్తేనే బతికున్నట్టు లెక్కేయిస్తాను. నూటికి ఇరవై పాకెట్లు పోతుంటే ఆ లైనును పక్కన పెట్టేస్తుంది. తీగ తెగకుండా నీరసించడం కూడా ఉంటుంది. ఫైబర్ గోడ మలుపులో నలిగినా జాయింటు పాడైనా వెలుగు బలం కొలిచే పవర్ మీటర్‌లో తెలుస్తుంది. మైనస్ 20 దరిదాపుల్లో ఉంటే నిశ్చింత, మైనస్ 27 దాటితే ఇవాళో రేపో మోడెము మీద ఎర్ర లైటే.

కరెంటు సంగతి కూడా చూడాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచెత్తి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉన్నప్పుడు కరెంటే లేని ఇళ్లలో ఎన్ని లైన్లుండి ఏం లాభం? మామూలు రోజుల కోతలకైతే రెండు మోడెములూ ఫైర్‌వాలూ మూడూ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. ఒక్కటి మర్చిపోయినా అంతా దండగ.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. అంతా సవ్యంగా పనిచేస్తే ఒక లైను పోయినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. రీఛార్జి తేదీ దాటిపోయి రెండో లైను ఎన్నాళ్లుగా ఆగి ఉన్నా తెలియదు. ఉన్న ఒక్కటీ తెగిన రోజున గానీ బయటపడదు. అందుకే ఏ లైను పడినా టెలిగ్రామ్‌లో మెసేజ్ వెళ్లేలా పెడతాను, నాకు కాదు, ఆ ఇంట్లో బిల్లు కట్టే మనిషికి. రెండు కంపెనీల ఫిర్యాదు నంబర్లు పెట్టె మీదే అంటిస్తాను. శివాలయం వీధిలో ఒకావిడ మొన్న ఫోన్ చేశారు. "తమ్ముడూ, రెండో లైను పడిందని పొద్దున మెసేజ్ వచ్చింది. కంపెనీ వాళ్లకి చెప్పాను, కుర్రాడొచ్చి జాయింటు వేస్తున్నాడు. మీటర్‌లో ఎంత ఉంటే ఒప్పుకోమంటావు?"