ఆయిల్ ఉంది, అందలేదు

ఇంజిన్ పట్టేసిందంటే ఎవరైనా మొదట అనే మాట ఒకటే: "ఆయిల్ చూసుకోలేదు!" కిందటేడు మా కూర్మన్నపాలెం దగ్గర షెడ్డులో ఇంజినీరింగ్ కుర్రాళ్లు తయారుచేసిన రేసు కారు విషయంలోనూ అందరూ అదే అన్నారు. కానీ డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. ఇంజిన్ విప్పితే బేరింగులు మాత్రం అరిగిపోయి రాగి తేలి కనిపించాయి.

ఆ ఇంజిన్ ఓ పాత 600 సీసీ జపాన్ బైకుది. పాతికమంది పిల్లలు డబ్బులు పోగేసి కొన్నారు. వాళ్లలో సగం మంది ఫైనలియర్. ఫార్ములా భారత్ పోటీకి వెళ్లాలంటే వాళ్లకి అదే ఆఖరి ఏడాది. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, కారులోని డేటా లాగర్ చూసిపెట్టమని నన్ను పిలిచారు.

లాగర్లో ఆయిల్ ప్రెషర్ గీతని, కారు మలుపు తిరిగే బలం గీతని ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. తిన్నగా వెళ్లినంతసేపూ ప్రెషర్ బాగానే ఉంది. ఎడమ మలుపుల్లోనూ ఫర్వాలేదు. కుడికి తిరిగినప్పుడల్లా గీత గోతిలో పడ్డట్టు పడిపోతోంది. నెంబర్లు చెబుతున్నాయి కానీ కారణం చెప్పడం లేదు.

కారణం చెప్పింది మా వీధిలో బాబాయ్. స్టీల్ ప్లాంటులో టర్బైన్ల మెయింటెనెన్స్ చేసి రిటైరైన మనిషి. గీతలు చూసి, "ఆయిలెంతుందని కాదురా, ఎక్కడుందో సూడు" అన్నారు.

సిటీ బస్సు గాజువాక దగ్గర మలుపు తిరిగితే కాళ్ల దగ్గర పెట్టుకున్న బకెట్లో నీళ్లు ఒక పక్కకి ఎగదన్నుతాయి చూడండి, అదే సంగతి. ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టిని పుస్తకాల్లో సంప్ అంటారు, మన మెకానిక్కులు చాంబర్ అంటారు. అందులోంచి ఒక గొట్టం ఆయిల్ పీల్చి పంపుకి ఇస్తుంది. బైకు మలుపులో తనే వాలుతుంది కాబట్టి ఆయిల్ చాంబర్ అడుగునే ఉంటుంది. అదే ఇంజిన్ని కారులో బిగిస్తే? కారు వాలదు. కుడికి తిరిగితే ఆయిలంతా ఎడమ గోడకి ఎక్కుతుంది. పక్కకి తోసే బలం భూమ్యాకర్షణతో సమానమైతే, అంటే 1 జీ అయితే, ఆయిల్ మట్టం 45 డిగ్రీలు ఒరుగుతుంది. అప్పుడు గొట్టం పీల్చేది గాలిని. పైగా కారు బరువు కిందికి దిగాలని వీళ్లు చాంబర్ లోతు కూడా తగ్గించారు.

ఈ పోటీలో స్కిడ్‌ప్యాడ్ అని ఒక పరీక్ష ఉంటుంది. ఎనిమిది అంకె ఆకారం, లోపలి వలయాల వ్యాసం 15.25 మీటర్లు, దారి వెడల్పు 3 మీటర్లు. ఒక పక్క రెండు చుట్లు, రెండో పక్క రెండు చుట్లు. చుట్టుకి 5.5 సెకన్లు పడితే పక్క బలం దాదాపు 1.2 జీ. అంటే ఒకే వైపు 11 సెకన్లు ఆయిల్ గోడకి అతుక్కునే ఉంటుంది. ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే, ఆ 11 సెకన్లలో క్రాంక్ 1100 సార్లు తిరుగుతుంది. బేరింగుకీ క్రాంకుకీ మధ్య ఉండేది సన్నటి ఆయిల్ పొర. అది తెగితే లోహం లోహాన్ని నాకేస్తుంది.

మరి డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఎందుకు వెలగలేదు? ఆ స్విచ్ చాలా తక్కువ ప్రెషర్ దగ్గర పనిచేసేలా పెడతారు, లేకపోతే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఊరికే వెలుగుతుంది. ఎక్కువ వేగంలో చాలని ప్రెషర్ కూడా దాని లెక్కలో "బాగానే ఉంది".

"అర లీటరు ఎక్కువ పోసేద్దాం అన్నా" అన్నాడొక కుర్రాడు. కొంతవరకు పనిచేస్తుంది. మరీ ఎక్కువైతే తిరిగే క్రాంక్ ఆయిల్ని చిలికి నురగ చేస్తుంది. నురగంటే సగం గాలే కదా. అసలైన మందు డ్రై సంప్: చాంబర్లో ఆయిల్ నిలవనివ్వకుండా పంపులతో తోడేసి వేరే ట్యాంకులో ఉంచడం. పెద్ద రేసు కార్లన్నీ అదే వాడతాయి. మా వాళ్ల బడ్జెట్టుకి అది అందదు. నడిమి దారి అక్యుసంప్. ఒత్తిడితో కొంత ఆయిల్ దాచుకున్న సిలిండర్ అది. ప్రెషర్ పడగానే ఆ ఆయిల్ని ఇంజిన్లోకి తోస్తుంది. బాబాయ్ నవ్వారు: "పెద్ద టర్బైన్లకి పైన ట్యాంకు పెడతాం. పంపాగిపోయినా షాఫ్టు ఆగేదాకా బేరింగులకి ఆయిలు దిగుద్ది. ఇదీ అదే."

చివరికి చేసింది అన్నింటికంటే చవకైన పని. చాంబర్లో పీల్చే గొట్టం చుట్టూ రేకుతో గోడలు కట్టించారు. వాటికి లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపులు. ఆయిల్ గొట్టం వైపు రావచ్చు, వెనక్కి పోలేదు. ఆటోనగర్లో వెల్డింగ్ మేస్త్రి రెండు సాయంత్రాల్లో పూర్తి చేశారు. బేరింగులు మార్చి, ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె గీసి తిప్పారు. కుడి మలుపులో గీత కొంచెం వంగింది కానీ పడిపోలేదు.

ఇక నా వంతు. ప్రెషర్ తగ్గగానే ఇంజిన్ ఆగిపోయేలా కోడ్ రాయమన్నారు కొందరు. మలుపు మధ్యలో ఉన్నట్టుండి పవర్ పోతే కారు అదుపు తప్పొచ్చని నడిపే అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ మాట నాకూ సబబే అనిపించింది. ఇంజిన్ వేగాన్ని బట్టి ఎంత ప్రెషర్ ఉండాలో లెక్కగట్టి, తగ్గితే స్టీరింగ్ ఎదురుగా పెద్ద లైటు వెలిగేలా మాత్రం రాశాను. కాలు తీయాలో వద్దో ఆ అమ్మాయి ఇష్టం.

ఫార్ములా భారత్ జరిగేది కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో. మారుతి 800 ఇంజిన్లతో ఫార్ములా మారుతి రేసు కార్లు తయారుచేసిన కరివర్ధన్ పేరు మీద వెలిసిన ట్రాక్ అది. ఇంట్లో వాడే కారు ఇంజిన్ని రేసుకి పనికొచ్చేలా చేయొచ్చని నమ్మిన మనిషి ఆయన. మా పిల్లల కారు గెలుస్తుందో లేదో నాకు తెలీదు. లారీ ఎక్కించే ముందు వాళ్లు డిప్‌స్టిక్ ఒక్కసారి చూసి, లాగర్లో గీత మాత్రం రెండుసార్లు చూశారు.