పాత లెన్సు, కొత్త కెమేరా

సూర్యాపేట బస్టాండులో దిగి పిల్లలమర్రి వెళ్ళాలనగానే, ఆటో అబ్బాయి నా మెడలో ఉన్న కెమేరా చూసి, "గుడి ఫొటోలకా సార్?" అన్నాడు. ఊరికి నాలుగైదు కిలోమీటర్లు. అక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో ఎరకసానమ్మ కట్టించింది. బయట మండుటెండ, మండపంలో అడుగు పెడితే చీకటి. స్తంభాల మీది బొమ్మలు కాసేపటికి గాని కంటికి ఆనవు.

కెమేరా డిజిటల్‌దే గాని, దాని ముందున్న లెన్సు మా మామయ్యది. మిర్యాలగూడలో ఆయనకు స్టూడియో ఉండేది. ఫిల్ము రోజులు పోయాక దాన్ని మూసేసి, తన పెంటాక్స్ కెమేరా తాలూకు సూపర్ టకుమార్ లెన్సు నాకు పంపించాడు.

పాత లెన్సు కొత్త కెమేరాకు ఎలా అతుకుతుందని చాలామంది అడుగుతారు. విషయమంతా దూరంలోనే ఉంది. ఈ మర లెన్సుకూ ఫిల్ముకూ మధ్య 45.46 మిల్లీమీటర్లుండాలి. నా సోనీ కెమేరాలో అద్దం లేదు కనక అక్కడ ఉన్నది 18 మాత్రమే. తక్కువైన 27.46 మిల్లీమీటర్లనూ ఒక బోలు కడియం భర్తీ చేస్తుంది. అదే అడాప్టరు, అందులో గాజుముక్కయినా ఉండదు. అద్దమున్న నికాన్ కెమేరాల్లో ఆ దూరం 46.5. అంటే కడియానికి చోటే లేదు. మధ్యన మరో గాజు పెడితే గాని దూరపు కొండ స్పష్టంగా పడదు.

కెమేరాకు మాత్రం తనకు లెన్సు ఉన్న సంగతే తెలియదు. లెన్సు లేకపోయినా ఫొటో తియ్యమని మెనూలో ఒకసారి చెప్పుకోవాలి. ఆ తరవాత వెలుతురు లెక్క అది చూసుకుంటుంది. ఫోకసు మన వంతు. చీకట్లో లెన్సు పూర్తిగా తెరిస్తే బొమ్మ ముక్కు స్పష్టమయ్యేసరికి చెవి మసకబారుతుంది. ఒక్క స్తంభానికే అరగంట పట్టింది. ఆటో అబ్బాయి రెండుసార్లు తొంగి చూసి, మూడోసారి లోపలికే వచ్చి, తనూ బొమ్మలు చూస్తూ కూచున్నాడు.

కోదాడలో ఎక్కువసేపు ఆగలేదు. విజయవాడ రహదారి మీద లారీలు మన కోసం నెమ్మదిస్తాయా? ముందే రోడ్డు మీది ఒక గీతకు ఫోకసు పెట్టుకుని, లారీ అక్కడికి రాగానే మీట నొక్కాలి. అయిదింట ఒకటి దక్కింది. పెళ్ళిళ్ళకూ పసిపిల్లల ఆటలకూ ఇలాంటి లెన్సు పట్టుకెళ్ళమని నేనెవరికీ చెప్పను.

హుజూర్‌నగర్ మీదుగా, సాగర్ ఎడమకాలువ కింది వరి చేలు చూసుకుంటూ మిర్యాలగూడ చేరాను. రైసుమిల్లులు దాటితే మామయ్య ఇల్లు. ఆయనకు చూపు బాగా మందగించింది. కెమేరా చేతికిస్తే, "ఫోకసు నాకేం కనబడుతుంది అల్లుడూ!" అని తిరిగి ఇవ్వబోయాడు.

ఈ కెమేరాలో ఒక సదుపాయముంది. ఫోకసు కుదిరిన చోట అంచులు ఎర్రగా మెరుస్తాయి. కావాలంటే తెర మీద ఆ భాగాన్ని పెద్దది చేసుకోవచ్చు. మామయ్య తెరను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. ఏ వైపు తిప్పాలో వేళ్ళకు గుర్తుంది. వాకిట్లో అత్తయ్య బియ్యం చెరుగుతోంది. చేట అంచు ఎర్రబడింది, తరవాత ఆవిడ గాజులు, ఆ తరవాత కళ్ళు. మీట నొక్కాడు.

"స్టూడియో ఉన్నన్నాళ్ళూ ఊరందరివీ తీశారు. నేనిప్పటికి కనబడ్డానా?" అంది అత్తయ్య.

మర్నాడు ముగ్గురం కలిసి వాడపల్లి వెళ్ళాం, మూసీ కృష్ణలో కలిసే చోటికి. అక్కడ కెమేరా నా చేతికి రానేలేదు.