తపస్సు మానుకు 90, వీధికి 35

చిత్తూరు జిల్లా పల్లెల్లో ఎండాకాలమంటే భారతం కాలం. ధర్మరాజుల గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చాలాచోట్ల 18 రోజుల పాటు. అందులో ఫొటోగ్రాఫర్‌కు అసలు పరీక్ష రెండు రోజులు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ తపస్సు మాను ఎక్కే రోజు ఒకటి. నేల మీద మట్టితో మలిచిన భారీ దుర్యోధనుడి చుట్టూ భీముడి వేషగాడు గద తిప్పుతూ తిరిగి, చివరికి తొడ మీద కొట్టే రోజు ఇంకొకటి. ఒకటి తలెత్తి తీయాల్సిన ఫొటో, ఇంకొకటి జనంలో దూరి తీయాల్సింది. ఐరాలలో కూర్చుని, బీరువాలో పోగుపడిన రేంజ్‌ఫైండర్ లెన్సుల్లో ఏవి ఉంచుకోవాలో, ఏవి అమ్మేయాలో తేల్చుకోవాలనుకునే మనిషికి ఈ రెండు రోజులకు మించిన తూకం దొరకదు.

రేంజ్‌ఫైండర్ కెమెరాలో లెన్సులోంచి చూడం, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. లెన్సులో ఎంత మేర పడుతుందో ఆ కిటికీలో తెల్ల గీతలు చెబుతాయి. 1954లో వచ్చిన లైకా ఎం3లో 50, 90, 135 మిల్లీమీటర్ల లెన్సులకే గీతలుండేవి. 35కు గీత కావాలన్న వాళ్ల కోసం ఆ తర్వాత ఎం2 వచ్చింది. అందుకే ఏ లెన్సు ఉండాలన్నది సగం కెమెరానే తేల్చేస్తుంది. 0.72 రెట్ల కిటికీ ఉన్న కెమెరాలో 135 గీత మధ్యలో ఒక చిన్న పెట్టెలా మిగులుతుంది. కళ్లద్దాలు పెట్టుకునే వాళ్లకు 28 గీత అంచులు దాదాపు కనిపించవు. 21కైతే పైన ఇంకో ఫైండర్ తగిలించాల్సిందే. అద్దం ఎంత గొప్పదైనా, దాని హద్దు కంటికి ఆనకపోతే ఆ లెన్సుతో తీసేది గుడ్డి ఫొటోనే.

ఇప్పుడు తపస్సు మాను దగ్గరికి వద్దాం. ఫిల్మ్ ఫ్రేము పొడవు 36 మిల్లీమీటర్లు. 15 మీటర్ల దూరం నుంచి 50 లెన్సుతో కెమెరా నిలువుగా పెట్టి తీస్తే దాదాపు 11 మీటర్ల ఎత్తు ఫ్రేములో పడుతుంది. మాను పడుతుంది, ఆకాశం పడుతుంది, అర్జునుడు మాత్రం అందులో ఆరో వంతుకు తగ్గిపోతాడు. 90 పెడితే పడే ఎత్తు 6 మీటర్లే. కిరీటం, చేతిలో విల్లు, కింద మాను కొంత, అన్నీ పోల్చుకునేలా వస్తాయి. 135తో ఇంకా దగ్గరవుతుంది కానీ, ఆ చిన్న పెట్టెలో కదిలే మనిషిని పట్టడం, దాని పొడవుకు తగినంత కచ్చితంగా ఫోకస్ చేయడం కష్టం. కాబట్టి 90 ఉండాలి, 135 పోవచ్చు. ఆ 90 కూడా బరువైన ఎఫ్/2 కానక్కర్లేదు. పగటి ఎండలో తీసే ఫొటోకు తేలికపాటి ఎఫ్/4 చాలు. 1973లో లైకా సీఎల్ కోసం వచ్చిన 90 ఎల్మార్-సీ లాంటిది జేబులో పడేసుకుని నడవొచ్చు.

మట్టి దుర్యోధనుడి దగ్గర లెక్క తిరగబడుతుంది. జనం మీద జనం, వెనక్కి జరిగే చోటుండదు. రెండు మీటర్ల నుంచి 35 లెన్సు రెండు మీటర్ల పైచిలుకు వెడల్పు చూపిస్తుంది. 50 దాదాపు మీటరున్నర దగ్గర ఆగిపోతుంది. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం ఎదురైనప్పుడూ అంతే. వేషం ఒక్కటే కావాలంటే 50, ఆ వేషాన్ని నోరు తెరుచుకుని చూస్తున్న పిల్లలూ కావాలంటే 35. ఈ ప్రాంతంలో తిరిగే మనిషి ఒక్క లెన్సే ఉంచుకోవాల్సి వస్తే అది 35 కావాలని ఈ వ్యాసకర్త గట్టి నమ్మకం.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు వెంటనే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాఁ పేరెత్తుతారు. ఆయన జీవితమంతా ఎక్కువగా 50తోనే తీశాడు. 1950 ఏప్రిల్‌లో లైకాతో ఆయన వచ్చింది వేలూరు దాటితే తగిలే తిరువణ్ణామలైకే. రమణ మహర్షి చివరి రోజులను ఫొటోలు తీశాడు. ఏప్రిల్ 14 రాత్రి 8 గంటల 47 నిమిషాలకు మహర్షి వెళ్లిపోయినప్పుడు ఆకాశంలో జారిన వెలుగును చూసినవాళ్లలో ఆయనా ఒకడు. ఆయన్ను చూసి మిగతావన్నీ అమ్మేయడం తొందరపాటు. ఆయన నుంచి నేర్చుకోవాల్సింది వేరు. కెమెరా కంటికి ఆనించకముందే 50 హద్దులు ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు. అలా కొలత మనసులో పాతుకుపోయిన లెన్సు ఎవరికైనా ఉంటే, అది ఎంత పాతదైనా, దాని మీద ఎంత ధర పలికినా అమ్మకూడదు.

బీరువాలో 50లు రెండు మూడు ఉండటం మామూలే. వాటిని విడదీసేది రాత్రి వీధినాటకం. ఎఫ్/2 దగ్గర సెకనులో 60వ వంతుకు దొరికే వెలుతురు, ఎఫ్/4కు దిగితే 15వ వంతు అడుగుతుంది. ఆ వేగానికి గజ్జెలు కట్టిన కాళ్లు నిలవవు, చెదిరిపోతాయి. అందుకని ఎఫ్/2 ఉండాలి. పాత ఎల్మార్ ఎఫ్/3.5 విషయంలో మాత్రం తొందరపడొద్దు. మిట్టమధ్యాహ్నం మామిడితోపులో ఎండ పడ్డచోటు తెల్లగా, నీడ నల్లగా విడిపోతుంది. కోటింగ్ లేని పాత అద్దాల్లో వెలుతురు కొంచెం చెదిరి ఆ నీడల్లోకీ కాస్త పాకుతుంది. కొత్త లెన్సుకు లేని మెత్తదనం అది. అద్దం శుభ్రంగా ఉంటేనే సుమా. వెనక నుంచి టార్చి వేసి చూస్తే ఫంగస్ పోగులు, పొగలాంటి మసక దాగవు. అక్టోబరు నుంచి పడే వానల్లో తోలు కేసులో మూసిపెట్టిన లెన్సుకు ఈ జబ్బు త్వరగా పడుతుంది. వాడకుండా దాచినదాన్ని అమ్మడానికి ఇదే పెద్ద కారణం. కొనేవాడికి ఆ మసక ముందే చూపించి ధర తగ్గించుకోవడం మర్యాద.

సోవియట్ జూపిటర్-8 లాంటివి అమ్మినా పెద్దగా రాదు. పైగా వాటి ఫోకస్ కొలత కాంటాక్స్ కెమెరాల లెక్కలోది కావడంతో, లైకా మీద దగ్గరివి తీసేటప్పుడు అపర్చర్ పూర్తిగా తెరిస్తే గురి కొంచెం తప్పుతుంది. ఫిల్మ్ నేర్చుకుంటున్న కుర్రాడికో అమ్మాయికో ఇచ్చి, ఎఫ్/5.6 దగ్గర వాడుకోమనడం మంచిది. 39 మిల్లీమీటర్ల మరతో బిగించే లెన్సు అమ్మేటప్పుడు ఎం కెమెరాకు తగిలించే రింగు మాత్రం చూసి ఇవ్వాలి. కిటికీలో ఏ గీత రావాలో ఆ రింగే నిర్ణయిస్తుంది. 90కి పెట్టాల్సినది పొరపాటున పోతే, 50 రింగుతో తీసిన ఫొటోల్లో తలలు తెగుతాయి. ఇక 135 అమ్మిన డబ్బు ఇంకో లెన్సుకు పెట్టకుండా, రేంజ్‌ఫైండర్ సరిచేయించడానికి పెట్టాలి. అది తప్పితే ఎఫ్/2 దగ్గర ఏ లెన్సూ పదునుగా పడదు. లెన్సును అనంతం గుర్తు మీద పెట్టి దూరపు కొండను చూసి, కిటికీలో రెండు బొమ్మలు ఒకటిగా కలుస్తున్నాయో లేదో సరిచూసుకుంటే అది ముందే తెలిసిపోతుంది.