డంకిని ఒడ్డున విశ్వాసం

విశాఖపట్నం నుండి తూర్పు కనుమల మీదుగా బస్తరుకు పోయే రైలుమార్గం ప్రయాణికుల కొరకు పుట్టినది కాదు. బైలదిలా కొండలలోని ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయటానికై 1960లలో నిర్మించిన ఈ కొత్తవలస–కిరండూల్ మార్గం సుమారు 445 కిలోమీటర్ల పొడవున సొరంగాలను, లోయలను దాటుకొంటూ పోతుంది. ఖనిజం దిగువకు వస్తుంది. మనుషులు ఎగువకు పోతారు. జగదల్‌పూర్ దాటిన పిమ్మట ఊళ్ళు పలుచబడి, అడవి చిక్కబడి, ఎర్రమట్టి దారుల వెంట ఇప్పచెట్లు, జీలుగుచెట్లు కానవస్తాయి. ఆ తరువాత వచ్చేదే దంతెవాడ.

తెలుగువాడికి ఇది పూర్తిగా పరాయి దేశమనిపించదు. ఇక్కడి గోండీ భాష తెలుగుతో ఒకే శాఖకు చెందిన ద్రావిడ భాష. ఈ భాషలో నీరు ‘ఏర్’, పండుగ ‘పండుం’. చెవి ఒగ్గి విన్నవాడికి నాలుగు మాటలలో ఒకటి ఎక్కడో విన్నట్లే తోస్తుంది. పైగా ఈ పట్టణపు కథ ఓరుగల్లులో మొదలవుతుంది.

1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశీకుడైన అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అడవులకు వచ్చి రాజ్యం స్థాపించాడని ప్రతీతి. కులదేవత అతనికి వరమిచ్చినదట: “నీవు నడచినంత మేర నీ రాజ్యమే. నేను నీ వెనుకనే వస్తాను. కాని వెనుదిరిగి చూడరాదు.” అందెల చప్పుడు వింటూ రాజు ముందుకు నడిచాడు. శంఖిని, డంకిని నదులు కలిసే చోట అమ్మవారి పాదాలు ఇసుకలో దిగబడి అందెల సవ్వడి ఆగిపోయింది. రాజు ఉండబట్టలేక వెనుకకు చూశాడు. దేవి అక్కడే నిలిచిపోయింది. ఆమెయే దంతేశ్వరి. సతీదేవి దంతం పడిన శక్తిపీఠంగా కూడ భక్తులు ఈ స్థలాన్ని కొలుస్తారు. నేటికీ గర్భాలయానికి పోదలచిన పురుషుడు ప్యాంటు విడిచి ధోవతి కట్టుకోవలసినదే. ఆలయం ముందరి గరుడ స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనుకకు చాచి కలుపగలిగినవారి కోరిక నెరవేరుతుందని నమ్మకం. సామాన్యమైన చేతులకు అది కాని పని.

వెనుదిరిగి చూడరాదన్న షరతు ఈ గడ్డమీద మరొక మతంలోను వినిపిస్తుంది. నాగలి పట్టినవాడు వెనుకకు చూడరాదన్న క్రీస్తు హెచ్చరిక, గోండీలోనో హల్బీలోనో, రేకుల కప్పు క్రింద ఆదివారం కూడే చిన్న సంఘాలలో తరచు వినవస్తుంది. బస్తరులో క్రైస్తవం కొత్తది కాదు. అమెరికను మెథడిస్టు మిషనరీ సి.బి. వార్డు, నిజాం రాజ్యంలో పనిచేసిన పిమ్మట, పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దంలో జగదల్‌పూర్‌లో సేవ ప్రారంభించాడు. కేరళ నుండి వచ్చిన సిరో మలబారు కతోలికుల పనికి 1972లో జగదల్‌పూర్ కేంద్రమై, 1977లో అది మేత్రాసనమయింది. అయితే పల్లెలలోని అనేక సంఘాలకు ఈ పెద్ద సంస్థలతో సంబంధం తక్కువ. స్థానికుడే పాస్టరు, అతని ఇంటి వసారాయే ప్రార్థనా మందిరం.

ఆ వసారాకు మొదటిసారి వచ్చేవారిలో పలువురిని నడిపించేది సిద్ధాంతం కాదు, జ్వరం. ఆసుపత్రి దూరం, దారి అడవి. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయి, వేలాదిమంది నాటి ఖమ్మం జిల్లా అడవులకు తరలిపోయిన సీమ ఇది. మందు అందని చోట మంత్రగాడు విఫలుడైతే ప్రార్థన చేసేవాడిని పిలుస్తారు. రోగి కోలుకొంటాడు, కుటుంబం విశ్వాసులవుతుంది. ఇందులో వంచన వెదకనవసరం లేదు. ఆపదలో మొక్కుకోవటం మనిషికి సహజం. సువార్తలలో యేసు వద్దకు పరుగెత్తినవారిలో సగంమంది రోగులో, రోగుల బంధువులో.

కాని మరుసటి వానాకాలం జ్వరం మళ్ళీ వస్తుంది. ఈసారి బిడ్డ దక్కకపోవచ్చు. అప్పుడేమిటి? ఆత్మీయ పరిపక్వత అని క్రైస్తవులు చెప్పుకొనే విషయం వారికి ఇక్కడే మొదలవుతుంది. కొరింథు సంఘానికి వ్రాస్తూ అపొస్తలుడైన పౌలు, వారింకా పసిబిడ్డలవలె పాలు త్రాగే స్థితిలోనే ఉన్నారని నొచ్చుకొన్నాడు. పాలు తప్పు కాదు. ఎదిగే బిడ్డకు అవి చాలవు, అంతే. స్వస్థత కొరకు వచ్చినవాడు స్వస్థత దొరకనప్పుడు కూడ నిలుస్తాడా, లేక మళ్ళీ వడ్డె వద్దకు పోతాడా అన్నది బస్తరు పాస్టరుకు అనుదినపు ప్రశ్న. మళ్ళీ పోయేవారు ఉన్నారు. వారిని పిరికివారనటం తేలిక. ఆ అడవిలో బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్నవారు మాత్రం అనరు.

ఇంతకంటె కఠినమైన పరీక్ష పండుం నాడు వస్తుంది. ఈ పల్లెలలో మతం వేరు, వ్యవసాయం వేరు, బంధుత్వం వేరు కావు. వానలకు ముందు విత్తనాలకు పూజ. కొత్త పంట నోట పెట్టుకొనేముందు గ్రామదేవతకు నైవేద్యం. ఇంటింటి నుండి చందా, మేక, జీలుగు కల్లు. చందా ఇవ్వనివాడు దేవతను మాత్రమే కాదు, ఊరినే కాదన్నవాడవుతాడు. దేవతకు కోపం వస్తే వాన అందరికీ తప్పిపోతుందని ఊరివారి భయం. అది నటన కాదు. కొత్త విశ్వాసి భయం కూడ నటన కాదు: ఆ ప్రసాదం ముట్టితే తాను వదలివచ్చిన చీకటిలోకి తిరిగి అడుగుపెట్టినట్లేనని అతనికి బోధించారు.

విచిత్రమేమంటే, దాదాపు రెండువేల ఏండ్ల క్రిందట కొరింథులో రేగిన తగవు సరిగ్గా ఇదే. విగ్రహానికి అర్పించిన మాంసం తినవచ్చునా? విగ్రహంలో ఏమీ లేదు గనుక తినవచ్చునన్నారు తెలిసినవారు. పౌలు వారి తర్కాన్ని కాదనలేదు. కాని దేవతల బల్లకు, ప్రభువు బల్లకు కూడ పొత్తు కుదరదన్నాడు. అంతటితో ఆగక, తన తిండివలన మరొకని మనస్సాక్షి గాయపడితే అసలు మాంసమే మానుకొంటానన్నాడు. తెలివి మనిషిని ఉబ్బిస్తుందని, ప్రేమ కట్టుతుందని అతని వాదం. అంటే అతని దృష్టిలో ఎదిగిన విశ్వాసికి గుర్తు ధైర్యమొక్కటే కాదు. పక్కవాని కొరకు తన హక్కును తగ్గించుకోగలగటం కూడ. వెనుకకు చూడరాదన్నది బిడ్డకు చెప్పే మొదటి పాఠం. వెనుక ఉన్నవారిని ద్వేషించకుండ ముందుకు పోవటం, ఆ తరువాతి, ఎంతో ఆలస్యంగా వంటబట్టే పాఠం.

అన్నమదేవుడు విడిచివచ్చిన ఓరుగల్లు సీమలోనే ఈ పాఠంతో కుస్తీ పట్టిన సంఘమొకటి ఉన్నది. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా 1912లో అభిషేకం పొంది, 1945లో కన్నుమూసేవరకు దోర్నకల్లులోనే ఉన్నాడు. అతని మందలో అత్యధికులు నిరుపేద మాల, మాదిగలు. పేదవాడు పుచ్చుకొనేవాడే కాని ఇచ్చేవాడు కాడన్న మాటను అజరయ్య అంగీకరించలేదు. ఇవ్వటం నేర్వని సంఘం ఎదగదని అతని పట్టు. అన్నం వండేముందు పిడికెడు బియ్యం దేవుని కుండలో వేసే అలవాటు తెలుగు క్రైస్తవ గృహిణులకు చిరపరిచితం. పంట చేతికి వచ్చినప్పుడు ఊరు మానివేయటానికి బదులు కోతపండుగను ఆరాధనగా మలచుకొన్నారు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్లు దేవాలయంలో గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిసి కనిపిస్తాయి.

ఈ మార్గం దంతెవాడకు అచ్చుగుద్దినట్లు సరిపోదు. దోర్నకల్లులో క్రైస్తవులు పాలెం పాలెంగా వచ్చారు. వారికి తమవారి నడుమనే బలముండేది. ఇక్కడ ఊరంతటిలో ఒకటో రెండో ఇళ్ళు. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం ఆదివాసీ గ్రామసభకు తన ఆచారాలను, వనరులను కాపాడుకొనే అధికారమిచ్చింది. దశాబ్దాలుగా అటవీశాఖ చేతిలోను, గనుల చేతిలోను నలిగిన ప్రజకు ఆ అధికారం ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. ఆ అధికారం పేరిట పొరుగువాని తలుపు మూయించటం మాత్రం వేరే సంగతి. 2022 డిసెంబరులో పొరుగున ఉన్న నారాయణపూర్, కొండగావ్ జిల్లాలలో వందలాది క్రైస్తవులు దాడులకు గురై ఊళ్ళు విడిచిపోయారు. 2023 జనవరి 2న నారాయణపూర్‌లో ఒక చర్చిని ధ్వంసం చేశారు.

తగవు చివరకు చేరేది శ్మశానానికి. దీనిని అర్థం చేసుకోవాలంటే దంతెవాడ దాపున గామావాడలో నిలిచివున్న రాతిస్తంభాలను చూడాలి. చనిపోయినవారి స్మృతికై ఎత్తిన నిలువురాళ్ళు అవి. ఇక్కడివారికి మృతుడు ఊరు విడిచిపోడు, ఊరితోనే ఉంటాడు. అందుచేతనే ఎవరిని ఎక్కడ పూడ్చాలన్నది, ఊరిలో ఎవరికి చోటున్నదన్న ప్రశ్నగా మారుతుంది. క్రైస్తవునికీ ఆ మమకారం తగ్గదు. తండ్రి, తాతల ప్రక్కనే పడుకోవాలని అతడూ కోరుకొంటాడు.

2025 జనవరి 7న బస్తరు జిల్లా దర్భా ప్రాంతంలోని ఛింద్‌వాడ గ్రామంలో ఒక పాస్టరు కన్నుమూశాడు. అతని పూర్వులను అదే ఊరి శ్మశానంలో పూడ్చిపెట్టారని కుటుంబం చెప్పింది. ఊరివారు ఈసారి ఒప్పుకోలేదు. సొంత పొలంలోనైనా పూడ్చనివ్వమని కుమారుడు కోరాడు, హైకోర్టు నిరాకరించింది. జనవరి 27న సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాలుగా తీర్పు చెప్పారు. పొలంలో పూడ్చవచ్చునన్నారు జస్టిస్ నాగరత్న. క్రైస్తవులకు కేటాయించిన శ్మశానంలోనే జరుగాలన్నారు జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ. అప్పటికి ఇరవై రోజులుగా మృతదేహం జగదల్‌పూర్ శవాగారంలో ఉన్నది. ఇక ఆలస్యం తగదని, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని కర్కాపాల్ శ్మశానంలో పోలీసు రక్షణతో అంత్యక్రియలు జరిపించాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు.

ఆ ఏడు కూడ వానలకు ముందు బస్తరు పల్లెలలో విత్తనాల పండుం వచ్చింది. చందా కొరకు పెద్దలు ఇంటింటి గుమ్మం ముందు నిలుచున్నారు. గుమ్మం లోపల ఉన్నవాడు ఏమి జవాబు చెప్పాలో, ఏ గొంతుతో చెప్పాలో, ఏ న్యాయస్థానమూ వ్రాసి ఇవ్వలేదు.