చెరకు తీపి వెదుకుతూ డబ్లిన్ ఊరికి



ఎండాకాలములో మన పల్లెలకు చుట్టాలు వస్తే మజ్జిగ తరువాత గుర్తుకు వచ్చేది సోడాయే. గోళీని లోపలికి నొక్కగానే వచ్చే ఆ కీచుమన్న చప్పుడు విననివారు మనలో ఎవరుంటారు? గోదావరి జిల్లాల వారికైతే రామచంద్రపురం ఆర్టోస్ ఉండనే ఉంది. 1919లో సోడా వ్యాపారముగా మొదలై, పెద్ద పెద్ద కంపెనీలు వచ్చినా పోయినా నిలబడిన ద్రాక్ష రుచి పానీయమది. వేదాంత కళాశాలలో కొద్దిపాటి గ్రీకు నేర్చుకున్న మాకు ఆ పేరు చూచినప్పుడెల్లా నవ్వు వస్తుంది. గ్రీకు భాషలో ఆర్టోస్ అంటే రొట్టె!

అమెరికా దేశములో కూడా ఇలాంటి ఊరి సోడాలు ఉన్నాయనీ, నిజమైన చెరకు పంచదారతో చేసిన సోడా కోసము మైళ్ళకొలది కారులో పోయే మనుషులున్నారనీ మాకు 2018 జూన్ నెలలో తెలిసింది. ఆ వేసవిలో మేము భార్యాభర్తలము టెక్సాస్ రాష్ట్రములో డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్ పట్టణానికి వెళ్ళాము. అక్కడా చుట్టుపక్కలా మన తెలుగువారు చాలామంది స్థిరపడి ఉన్నారు. మేము దిగిన ఇంటి యజమాని తండ్రి మా పక్క ఊరి వారే. వయస్సు 76 సంవత్సరాలు. మేము బాబాయి గారని పిలుస్తాము. ఒకప్పుడు ఆయన మా ప్రాంతములో సోడా కొట్టు నడిపారు. చేతితో తిప్పే యంత్రము, గ్యాసు సిలిండరు, రెండు పెట్టెల గోళీ సీసాలు, అదే ఆయన ఆస్తి. దానితోనే కొడుకును చదివించారు.

ఒకరోజు అందరము సరుకుల దుకాణానికి వెళ్ళాము. బాబాయి గారు ఒక కూల్‌డ్రింకు డబ్బా చేతిలోకి తీసుకొని, కళ్ళజోడు సవరించుకొని, వెనుక ఉన్న చిన్న అక్షరాలు కొడుకు చేత చదివించుకున్నారు.

“అయ్యగారూ, ఇందులో పంచదార లేదంట. మొక్కజొన్న పాకమంట!” అన్నారు ఆశ్చర్యముగా.

అది నిజమే. అమెరికాలో చాలా కూల్‌డ్రింకులలో పోసేది హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్ అనే పాకము. మొక్కజొన్న గింజల నుండి పిండి పదార్థము తీసి, దానిని ఎంజైముల సహాయముతో గ్లూకోజుగా, అందులో కొంత భాగాన్ని ఫ్రక్టోజుగా మారుస్తారు. కూల్‌డ్రింకులకు వాడే రకములో సుమారు 55 పాళ్ళు ఫ్రక్టోజు ఉంటుంది. మన చెరకు పంచదారలోనైతే గ్లూకోజు, ఫ్రక్టోజు చెరి సగము. ఆ దేశములో మొక్కజొన్న పంట విస్తారము. బయటి దేశాల పంచదార దిగుమతికి ప్రభుత్వము హద్దులు పెట్టినందున పంచదార ధర ఎక్కువ. పాకము చౌక, పైగా నీళ్ళలా ట్యాంకరులో వస్తుంది, కరగబెట్టే పని లేదు. ఇంకేమి కావాలి? కోకా కోలా, పెప్సీ వంటి పెద్ద కంపెనీలు 1984 నాటికి అమెరికాలో పూర్తిగా ఆ పాకానికి మారిపోయాయి.

“అందరూ మారిపోయారా? ఒక్కరూ నిలబడలేదా?” అని బాబాయి గారు అడిగారు.

ఒకరు నిలబడ్డారని ఆయన కొడుకు చెప్పాడు. ఆ ఊరి పేరు డబ్లిన్. ఐర్లండు దేశములోని డబ్లిన్ కాదు, టెక్సాస్‌లోనే ఉన్న చిన్న ఊరు. ఆ శనివారము చూచి వద్దామని బయలుదేరాము.

ముందు వేకో పట్టణానికి వెళ్ళాము. ఇర్వింగ్ నుండి సుమారు 100 మైళ్ళు. 1885లో అక్కడి మోరిసన్ మందుల దుకాణములో చార్లెస్ ఆల్డర్‌టన్ అనే ఔషధకారుడు కొన్ని రుచులు కలిపి ఒక పానీయము తయారుచేశాడు. అదే డాక్టర్ పెప్పర్. ఇప్పుడు ఆ పట్టణములో దాని పేరిట ఒక మ్యూజియం ఉంది. 1906లో కట్టిన పాత సోడా కర్మాగారములోనే 1991లో దానిని తెరిచారు. 1953 మే నెలలో వేకో మీద పెద్ద సుడిగాలి విరుచుకుపడి 114 మంది చనిపోయారు. ఆ గాలికి ఈ కట్టడము కూడా దెబ్బతిన్నది. పాత సీసాలు, మూతలు వేసే యంత్రాలు, ప్రకటనల రేకులు చూస్తూ బాబాయి గారు ప్రతి దాని దగ్గర ఆగారు. “ఇది మన దానికి పెద్దన్న” అంటూ ఒక యంత్రాన్ని చేతితో తడిమారు.

వేకో నుండి డబ్లిన్‌కు 6వ నంబరు రహదారి మీద సుమారు 90 మైళ్ళు. క్లిఫ్టన్, మెరిడియన్, హైకో అనే చిన్న ఊళ్ళ మీదుగా పోవాలి. ఇరువైపులా గడ్డి బీళ్ళు, పశువులు, అక్కడక్కడ గాలిమరలు. ఆ జిల్లా పాడికి పేరు పొందినది. కారులో అందరము మౌనముగా ఉన్నాము. అప్పుడు బాబాయి గారు ఉన్నట్టుండి మాట్లాడసాగారు.

“అయ్యగారూ, 1974లో అనుకుంటాను, పంచదార దొరికేది కాదు. దొరికినా ధర మండిపోయేది. కలర్ సోడాకు పాకము పట్టాలంటే మిగిలేది ఏమీ లేదు. టౌనులో ఒకాయన సాకరిన్ బిళ్ళలు ఇచ్చాడు. గుప్పెడు పంచదార, కాస్త సాకరిన్, నిమ్మ ఉప్పు, రంగు. ఎవరికీ చెప్పలేదు. ధర తగ్గించలేదు. మూడు వేసవులు అలాగే అమ్మాను.”

ఆయన కాసేపు ఆగారు.

“ఒక పిల్లవాడు ఉండేవాడు. ఎనిమిదేళ్ళు ఉంటాయి. రోజూ పది పైసలు పట్టుకొని వచ్చేవాడు. ఒకరోజు తాగి, మావయ్యా, చివర్లో నాలుక చేదుగా ఉంది అన్నాడు. నీకు జ్వరము వస్తుందేమోరా అన్నాను. వాడు నమ్మేసి, నుదురు పట్టుకొని చూచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ మొహము నాకు ఇప్పటికీ కనబడుతుంది.”

కారు నడుపుతున్న కొడుకు తండ్రి వైపు చూడలేదు. మేము కూడా వెంటనే ఏమీ అనలేకపోయాము. ప్రతి వారము పదిమందికి మాటలు చెప్పేవారమే గాని, కొన్ని వేళల నోరు మూసుకొని వినుటయే మంచిదని మాకు తోచింది.

మధ్యాహ్నానికి డబ్లిన్ చేరాము. నాలుగు వేల మంది కూడా లేని ఊరు. ఎర్ర ఇటుకల కట్టడాలు, వెడల్పాటి వీధులు. సామ్ హ్యూస్టన్ ప్రిమ్ అనే ఆయన 1891లో ఇక్కడ సోడా కర్మాగారము పెట్టి, డాక్టర్ పెప్పర్‌ను సీసాలలో నింపసాగాడు. ఆ పానీయము నింపే కర్మాగారాలలో అతి పాతదిగా దీనికి పేరు. 1933లో బిల్ క్లోస్టర్ అనే 14 ఏళ్ళ కుర్రవాడు ఇక్కడ పనికి కుదిరాడు. ప్రిమ్ కుమార్తె 1991లో చనిపోయినప్పుడు ఆ కర్మాగారము ఆయనకే దక్కింది. పనివాడుగా వచ్చినవాడు చివరకు యజమాని అయ్యాడు.

దేశమంతా మొక్కజొన్న పాకానికి మారుతున్న రోజులలో ఈ క్లోస్టర్ గారు మారనన్నారు. ఖర్చు ఎక్కువైనా చెరకు పంచదారే వాడారు. పైకమంతా పెద్ద కంపెనీలే చేసుకుంటున్న కాలములో, చుట్టూ సుమారు 44 మైళ్ళ మేర మాత్రమే అమ్ముకొనే హక్కున్న చిన్న కర్మాగారమిది. అయినా ఆ పాత రుచి కోసము దూర ప్రాంతాల వారు ఇక్కడికే వచ్చి పెట్టెలకొద్దీ కొనుక్కొని పోయేవారు. ఏటా జూన్‌లో ఊరంతా పండుగ చేసుకొని, ఆ వారము తమ ఊరి పేరునే డాక్టర్ పెప్పర్ అని మార్చుకొనేవారట! క్లోస్టర్ గారు 1999లో కన్నుమూశారు. కుటుంబము వారు ఆయన పద్ధతినే నడిపించారు.

అయితే కథ అక్కడ ముగియలేదు. డబ్లిన్ సీసా పేరు పెరిగిన కొద్దీ పెద్ద కంపెనీతో తగవు వచ్చింది. తమ గుర్తు పక్కన ఊరి పేరు వేస్తున్నారనీ, హద్దు దాటి అమ్ముతున్నారనీ 2011లో కంపెనీ వారు కోర్టుకు వెళ్ళారు. 2012 జనవరిలో రాజీ కుదిరింది. 120 ఏళ్ళుగా నింపుతున్న ఆ పానీయము డబ్లిన్‌లో ఆగిపోయింది. కొందరికి ఉద్యోగాలు పోయాయి. కంపెనీ వారు పంచదారతో చేసిన రకాన్ని వేరేచోట నింపించి అమ్మారు గాని, దాని మీద డబ్లిన్ పేరు లేదు. తీపి మిగిలింది, ఊరు పోయింది.

హద్దు దాటుట విషయములో ఎవరిది న్యాయమో తీర్పు చెప్పుటకు మేము తగము. ఒప్పందము ఒప్పందమే. అయితే ఆ కుటుంబము వారు తలుపులు మూసుకొని కూర్చోలేదు. డబ్లిన్ బాట్లింగ్ వర్క్స్ అనే పేరుతో తమ సొంత సోడాలు మొదలుపెట్టారు. మేము వెళ్ళిన రోజున బ్లాక్ చెర్రీ, కోలా, నిమ్మ, ఇంకా ఎన్నో రుచులు వరుసగా కనిపించాయి. అన్నిటి మీదా చెరకు పంచదార అని స్పష్టముగా అచ్చు వేసి ఉంది.

లోపల 1930ల నాటి పాత యంత్రాలు చూపించారు. వాటిని చూచి బాబాయి గారు అక్కడి అమ్మాయిని కొడుకు ద్వారా ఎన్నో ప్రశ్నలు అడిగారు. పాకము ఎంత చిక్కగా పడతారు? నీళ్ళు ముందే చల్లబరుస్తారా? చల్లటి నీటిలోనే గ్యాసు బాగా కరుగుతుందని ఆయనకు అనుభవము. ఆ అమ్మాయి ఓపికగా జవాబు చెప్పి, మీరు కూడా ఈ పనివారేనా అని అడిగింది. “అవును” అన్నారు ఆయన. ఆ ఒక్క మాట ఇంగ్లీషులోనే చెప్పారు.

ఆయనకు చక్కెర వ్యాధి ఉంది. బ్లాక్ చెర్రీ సీసా ఒకటి కొని, కొడుకు వద్దంటున్నా ఒక్క గుక్క తాగారు. నాలుక మీద కాసేపు ఉంచుకొని మింగారు. “చివర్లో చేదు లేదు” అన్నారు. తరువాత సీసా తిప్పి, పంచదార అని రాసిన చోట వేలు పెట్టి, “ఏమి పోశాడో రాసి పెట్టాడు చూడండి అయ్యగారూ. నేను కనీసము నోటితో చెప్పలేదు” అన్నారు. మిగిలిన సోడా మాకు ఇచ్చేశారు.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. చెరకు పంచదార సోడా అయినంత మాత్రాన అది ఆరోగ్యమని ఎవరూ అనుకోవద్దు. రుచిలో తేడా ఉందని చాలామంది అంటారు గాని, కడుపులోకి పోయిన తరువాత ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు. 355 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో 39 గ్రాముల తీపి ఉంటుంది. అంటే దాదాపు పది చెంచాలు! పెద్దవారు రోజంతటిలో 25 గ్రాముల లోపు తీసుకుంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. కనుక పిల్లలకు పండుగ నాడు ఒక సీసా సరే, ప్రతి పూట మాత్రము వద్దు. దాహానికి నీళ్ళూ మజ్జిగా ఉన్నాయి.

తిరుగు ప్రయాణములో బాబాయి గారు ఒక కోరిక కోరారు. “ఈ సంగతి మన ఊరి వారికి చెప్పండి అయ్యగారూ. పత్రికలో రాసినా సరే. నా పేరు అక్కరలేదు, చదివితే వాళ్ళకే తెలుస్తుంది. ఆ పిల్లవాడు కనబడితే మాత్రము నోటితో చెప్పండి.”

మేము స్వదేశము చేరిన నెలలోపే ఆ ఊరికి వెళ్ళాము. ఆ పిల్లవాడికి ఇప్పుడు యాభై దాటాయి. ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. కూర్చోబెట్టి సంగతి అంతా చెప్పాము. అతడు చాలాసేపు ఆలోచించాడు.

“చేదు సంగతి నాకు గుర్తు లేదండి. గోళీ చప్పుడు గుర్తుంది. సీసా వెనక్కి ఇచ్చినప్పుడు మావయ్య ఒక్కోసారి డబ్బులు తీసుకొనేవారు కాదు, అది గుర్తుంది” అన్నాడు.

అప్పటికప్పుడే ఫోను కలిపాము. అక్కడ తెల్లవారుజాము. ఇద్దరూ ఏమి మాట్లాడుకున్నారో మేము వినలేదు, బయట వేపచెట్టు క్రింద నిలుచున్నాము. కాసేపటికి అతడు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, కొట్టు కుర్రవాడిని పంపి మాకు ఆర్టోస్ తెప్పించాడు.

నలభై ఏళ్ళకు పైగా ఒకరు మోసిన బరువు మరొకరికి గుర్తే లేదు. అయినా చెప్పవలసినది చెప్పిన తరువాతనే ఆ బరువు దిగింది. మనలో పాలు పోసేవారు ఉన్నారు, కిరాణా నడిపేవారు ఉన్నారు, విత్తనాలు అమ్మేవారు ఉన్నారు. కొలతలో గాని కలపడములో గాని మనము ఎవరికీ చెప్పనిది ఏమైనా ఉన్నదా? ఉంటే, ఆ మనుషులు మన మధ్య ఉండగానే వెళ్ళి చెప్పుదాము. ఇర్వింగ్‌లో బాబాయి గారి గది కిటికీలో ఆ ఖాళీ డబ్లిన్ సీసా నిలబెట్టి ఉందని వారి కోడలు చెప్పింది. పక్కన ఇంకేమీ పెట్టనివ్వరట.