పెరుగుతోడు

తడలోని మా యింట పెరుగునకు తోడు కావలెనని పొరుగువారి నడిగిన దినము లేదు. తాము కాపురమునకు వచ్చిననాటి తోడే నేటికిని నడచుచున్నదని మా యత్తగారు గర్వముగా చెప్పుచుందురు. పులికాటు సరస్సు ప్రక్కనున్న యీ యూర వేసవిలో కాచని పాలు మధ్యాహ్నమునకే విరిగిపోవును. తోడుపెట్టిన పాలు మరునాటికి పులియునే గాని కుళ్లవు. ఇదంతయు పులుపు మహిమయని మేము తలచుచుంటిమి.

పులుపొక్కటియే కాదని తరువాత చదివి తెలిసికొంటిమి. పాలను పులియజేయు సూక్ష్మజీవులలో కొన్ని తమ చోటు కాపాడుకొనుటకు పెప్టైడులను చిన్న మాంసకృత్తు గొలుసులను విడుచుచుండునట. 1928లో అమెరికాలో రోజర్స్, విట్టియర్ అనువారు పాలలోని యొక సూక్ష్మజీవి మరియొకదానిని పెరుగనీయకుండుట గమనించిరి. 1947లో ఇంగ్లండున మాటిక్, హర్ష్ అనువారు అట్టి పదార్థమునకు నైసిన్ అని పేరిడిరి. అది 34 ఆమినో ఆమ్లముల గొలుసు. శత్రువు పైపొరను పట్టుకొని చిల్లులు పొడుచును. లోని సారము కారిపోయి శత్రువు చచ్చును. మనము తిన్నచో జీర్ణరసములు దానిని తక్కిన మాంసకృత్తులవలెనే యరిగించివేయును. అందుచేతనే జున్నులు చెడకుండ దీనిని కలుపుట వాడుకలోనికి వచ్చినది. అన్ని తోడులును దీనిని చేయవు సుమా!

ఇది చదివి మేము మురిసిపోతిమి. ఆ మురిపెమే ముప్పు తెచ్చినది. సోదరీమణులు మన్నింతురు గాక, దాచక చెప్పుచున్నాము. మా చిన్నవానికి విరేచనములు పట్టుకొనగా, "మజ్జిగ పొయ్యండమ్మా, అదే కట్టుకుంటుంది" అని మా యత్తగారనిరి. శాస్త్రము కూడ తోడున్నదిగదా యని మేము పూటపూటకు పోసితిమి. మూడవనాటి సాయంకాలమునకు బిడ్డ కన్నులు లోతుకు పోయినవి. సూళ్లూరుపేటకు పరుగెత్తితిమి.

వైద్యురాలు మొదట నడిగిన మాట: "మజ్జిగను ఏ నీటితో పలుచన చేసితిరమ్మా?"

నూతినీరు. కాచలేదు.

నైసిన్ వంటివి కొన్ని జాతుల క్రిములనే చంపునని యామె చెప్పినది. కలరా మొదలగు విరేచనరోగముల క్రిములలో పెక్కింటికి వెలుపల మరియొక పొర యుండును. దానిని దాటి యివి లోనికి పోజాలవు. పెరుగునకు గల పులుపు సయితము మేము పోసిన నీటిచే తగ్గిపోయినది. ఓఆర్ఎస్ పొడి కలిపిన నీటిని చెంచా చెంచాగా రాత్రియంతయు పట్టించితిమి. తెల్లవారునప్పటికి బిడ్డ మూత్రము విడిచెను. మాకు ప్రాణము లేచివచ్చినది.

ఇప్పుడు మజ్జిగకని కాచి చల్లార్చిన నీటిని వేరొక బిందెలో నుంచుచున్నాము. రుచి చచ్చినదని మా యత్తగారు గొణుగుదురు. మనుమని గ్లాసులోనికి మాత్రము ఆ బిందెనీరే వంచుదురు.